చూద్దాంలే

మన ఇళ్లల్లో రోజుకి ఎన్నిసార్లు "చూద్దాంలే" అంటామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మిక్సీ మార్చాలంటే చూద్దాంలే. పెరట్లో కుళాయి కారుతోందంటే చూద్దాంలే. కొల్లేటికోట పెద్దింట్లమ్మని చూసి చాలా రోజులైంది, ఆదివారం వెళ్దామా అంటే చూద్దాంలే. వీటివల్ల కొంపలేం మునిగిపోవు. పాత మిక్సీ ఇంకో ఏడాది తిరుగుతుంది, అమ్మవారు ఎక్కడికీ వెళ్లిపోదు.

ఆడపిల్ల పై చదువు దగ్గర మాత్రం ఈ మాట అన్నామంటే కొంప మునిగినట్టే. ఎందుకంటే సీటుకి ఆఖరు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటేదాకా "చూద్దాంలే" అంటూ కూర్చుంటే చాలు. "వద్దు" అన్న పాపం ఎవరూ మూటగట్టుకోకుండానే పని అయిపోతుంది. మన మంచితనం నిలబడుతుంది, పిల్ల చదువు ఆగిపోతుంది. ఇదెక్కడో విన్న సంగతి కాదు, మా ఇంట్లోనే జరిగింది. ఆ మాట మొదట అన్నది మా ఆయన కాదు, మా బావగారు కాదు. నేనే.

రెండేళ్ల కిందట మా అమ్మాయి బీటెక్ ఆఖరి ఏడాదిలో గేట్ రాసింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఎంటెక్ సీట్ల కోసం దేశమంతటికీ కలిపి పెట్టే పరీక్ష అది. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. కంప్యూటర్ సైన్సు పేపరంటే లెక్కలు, ఆల్గరిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్లు, నెట్‌వర్కులు, ఇంకా బోలెడు. కోచింగ్ ఏమీ లేదు. మేడమీద గదిలో రాత్రి ఒంటిగంట దాకా లైటు వెలుగుతుంటే "కరెంటు బిల్లు" అని విసుక్కున్నదాన్ని కూడా నేనే.

జూన్‌లో ఒకరోజు మాగాయ ముక్కలు ఎండలోంచి తీస్తుంటే ఫోన్ పట్టుకుని మేడమీదికి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంటెక్ సీటొచ్చింది!" దాని మొహం అంతలా వెలగడం నేను పదో తరగతి ఫలితాల తర్వాత మళ్లీ చూడలేదు. నేనేం అన్నానో తెలుసా? "అలాగా. నాన్నగారితో మాట్లాడి చూద్దాంలే."

ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో సీటు వచ్చాక ఫీజు కట్టి ఒప్పుకోవాలి. ఫ్రీజ్ చేస్తావా, ఇంకా మంచిదొస్తే మారతావా అని అడుగుతుంది. గడువులోపల ఏదో ఒకటి చెప్పకపోతే సీటు పోతుంది. మాకు గురువారం సాయంత్రం దాకా గడువుంది.

ఆదివారం కైకలూరు వైపు నుంచి బావగారు, మా తోడికోడలు వచ్చారు, ఎప్పటిలాగే రెండు శీలావతి చేపలు పట్టుకుని. భోజనాల దగ్గర మాటొచ్చింది. బావగారు దాన్ని మెచ్చుకున్నారు. నిజంగానే మెచ్చుకున్నారు, అబద్ధం చెప్పకూడదు. "మా ఇంట్లో ఇంత బుర్ర ఎవరికీ లేదమ్మా" అన్నారు. ఆ వెంటనే "ఇరవై రెండొచ్చాయి కదా, ఇంకో రెండేళ్లంటే... సరే, చూద్దాంలే" అన్నారు. అక్కయ్య "ఎంటెక్ చేస్తే అంతకు మించి చదివినవాణ్ణి తేవాలి కదే" అంది. మా ఆయన "అంత తొందరేముంది, చూద్దాంలే" అన్నారు. నేను పెరుగు వడ్డించాను.

గురువారం వచ్చింది, వెళ్లింది. ఆ రోజు సాయంత్రం అది ఏడవలేదు. అన్నం తిని, కంచం కడిగి, మేడమీదికి వెళ్లిపోయింది. ఆ రాత్రి లైటు వెలగలేదు.

ఇప్పుడు ఇంకో కథ చెప్తాను, పక్కపక్కన పెట్టి చూడండి. అంతకు ముందు ఏడాది మా బావగారబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్‌కి అడ్మిషన్ వచ్చింది. వాడు మంచి పిల్లాడు, వాడి మీద నాకేం కోపం లేదు. కానీ ఆ ఇంట్లో ఎవరూ "చూద్దాంలే" అనలేదు. వారం తిరిగేసరికి చేపల చెరువు కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. నలభై లక్షల అప్పు. చదువు అయ్యాక ఓపీటీ అని ఏడాది ఉద్యోగం చేసుకోవచ్చట, ఈ చదువులకైతే ఇంకో రెండేళ్లు కలుస్తాయట. ఆ తర్వాత హెచ్-1బీ లాటరీ. లాటరీ అనేది నేను వెక్కిరించడానికి అంటున్న మాట కాదండీ, దాన్ని అందరూ పిలిచే పేరే అది. తగిలితే తగిలినట్టు, లేకపోతే లేనట్టు.

మరి మా అమ్మాయి లెక్క ఏమిటి? గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరినవాళ్లకి నెలకి 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. రెండేళ్లకి 2,97,600. బదులుగా వారానికి కొన్ని గంటలు ల్యాబుల్లోనో క్లాసుల్లోనో సాయపడాలి. అంటే అబ్బాయి చదువుకి మనం నలభై లక్షలు పెట్టి లాటరీ కొన్నాం. అమ్మాయికి ఎదురు డబ్బులిచ్చి చదివిస్తామంటే "చూద్దాంలే" అన్నాం. ఇందులో డబ్బు గొడవ ఎక్కడుందో నాకు చెప్పండి.

మా బావగారు అసలు నిదానం మనిషి కాదు. చెరువు దగ్గర ఆయన్ని చూడాలి. తెల్లవారుజామున నీళ్లల్లో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ సమయంలో కాపలావాడు ఫోన్ చేసి "అయ్యగారూ, చేపలు తేలుతున్నాయి" అంటే ఆయన "చూద్దాంలే" అని అటు తిరిగి పడుకోరు. లుంగీ మీదే బండెక్కుతారు. గంట ఆలస్యమైతే ఏడాది కష్టం తెల్లగా తేలుతుందని ఆయనకి తెలుసు. సమయం విలువ తెలియక కాదు. ఏది సమయంతో పోయేదో, ఏది ఆగుతుందో మనం ముందే నిర్ణయించేసుకున్నాం. చేప ఆగదు, ఆడపిల్ల ఆగుతుంది. అదీ మన లెక్క.

మగవాళ్లని తిట్టేసి చేతులు కడుక్కోవడం నాకూ సుఖమే. కానీ ఆ ఆదివారం బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లం ఉన్నాం. ఒకరం సంబంధాల మాట ఎత్తాం, ఇంకొకరం పెరుగు వడ్డించాం.

పైగా నాకు ఈ మాట రుచి కొత్తదేం కాదు. మాది తాడేపల్లిగూడెం. నాన్న ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తా. బీఏ తెలుగు చదివాను. 2000లో ఎంట్రన్సు రాస్తే విశాఖపట్నంలో, ఆంధ్రా యూనివర్సిటీలో, ఎంఏ తెలుగుకి పిలుపొచ్చింది. ఆ కార్డు అమ్మకి చూపిస్తే "నాన్నగారితో చెప్పి చూద్దాంలే" అంది. కౌన్సెలింగ్ రోజు దాటిపోయింది. ఏలూరు సంబంధం వచ్చింది. నా బీఏ పట్టా మీద పెద్ద అక్షరాలతో ఆంధ్ర విశ్వకళాపరిషత్ అని ఉంటుంది. ఆ గేటు మాత్రం నేను పెళ్లయిన పన్నెండేళ్లకి, కైలాసగిరి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆటోలోంచి చూశాను. పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగే ఊరు అది. ఆటో ఆపమని అడగడానికి కూడా మొహమాటపడ్డాను.

నేనుండే ఏలూరులో పెద్ద కాలేజీకి ఉన్న పేరు ఎవరిది? కట్టమంచి రామలింగారెడ్డి గారిది. 1926లో పుట్టిన ఆ ఆంధ్రా యూనివర్సిటీకి మొట్టమొదటి వైస్ ఛాన్సలర్ ఆయన. కాలేజీలకి ఆయన పేరు పెట్టుకుంటాం, ఆయన మొదలుపెట్టిన యూనివర్సిటీకి ఆడపిల్లని పంపాలంటే "చూద్దాంలే" అంటాం.

"మా కాలం వేరు, ఇప్పుడు ఆడపిల్లలందరూ ఇంజనీరింగ్ చదువుతున్నారు కదా" అంటారు. నిజమే. మా తాడేపల్లిగూడెంలోనే 2015లో ఎన్ఐటీ వచ్చింది. 2018 నుంచి ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో బీటెక్‌కి అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టారు. సంతోషమే. కానీ కొంచెం ఆగి చూడండి. మా అమ్మకి ఐదో తరగతి "పెళ్లికి సరిపోయే చదువు". నాకు డిగ్రీ పెళ్లికి సరిపోయే చదువు. ఇప్పుడు బీటెక్ పెళ్లికి సరిపోయే చదువు. గీత జరిగింది, చెరగలేదు. బీటెక్ దాటి ఒక్క అడుగు వెయ్యమనండి, ఆ గీత ఎక్కడుందో మీ కాలికే తగులుతుంది.

సరే, మా ఇంట్లో చెప్పిన కారణాలు ఒక్కొక్కటే చూద్దాం. ఇది నిజంగా చూడ్డం.

మొదటిది, వయసు దాటిపోతుందని. అయ్యలసోమయాజుల లలితగారి పేరు విన్నారా? తెలుగావిడ. పదిహేనో ఏట పెళ్లి, పద్దెనిమిదో ఏట భర్త పోయారు. చేతిలో నాలుగు నెలల ఆడపిల్ల. ఆవిడ తండ్రి "చూద్దాంలే" అనలేదు. 1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేర్చారు. ఆవిడే మన దేశంలో మొదటి మహిళా ఇంజనీరు. ఆ రోజుల్లో, ఆ పరిస్థితిలో, ఆవిడకి దాటని వయసు ఇప్పుడు ఇరవై రెండేళ్ల కన్నెపిల్లకి దాటిపోతుందా?

రెండోది, హైదరాబాద్‌లో ఒక్కత్తే ఎలా ఉంటుందని. ఉద్యోగం వస్తే అదే హైదరాబాద్‌లో పీజీ హాస్టల్లో నలుగురితో ఒక గదిలో ఉండడానికి మనకి అభ్యంతరం లేదు, ఎందుకంటే జీతం వస్తుంది. యూనివర్సిటీ గేటు లోపల, అమ్మాయిల హాస్టల్లో ఉంటానంటే మాత్రం భయం. ఈ సెంట్రల్ యూనివర్సిటీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత రెండు ప్రాంతాల మధ్య సర్దుబాటు చేస్తూ 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చారు. అందులో ఒక సూత్రం హైదరాబాద్‌లో కేంద్ర విశ్వవిద్యాలయం. 1974లో అది మొదలైంది. ఎక్కడ? సరోజినీ నాయుడు గారింట్లో, గోల్డెన్ త్రెషోల్డ్‌లో. ఆవిడ 1895లో పదహారేళ్ల వయసులో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండుకి ఓడెక్కారు. ఓడలో, సముద్రం దాటి! అలాంటావిడ ఇంట్లో మొదలైన యూనివర్సిటీకి ఏలూరు స్టేషన్లో రాత్రి రైలెక్కి తెల్లారి దిగడానికి మన పిల్లకి భయమట. పిల్లకి కాదు లెండి, మనకి.

మూడోది, ఎంటెక్ చేసినా ఆ ఉద్యోగమే కదా అని. ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. పేరుకి చేరి, కాగితం కోసం ముగించే ఎంటెక్‌లు ఉన్నాయి. అందుకే ఎక్కడ చేరుతున్నామన్నది ముఖ్యం. కానీ ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్ చాలదు, ఎంటెక్ ఉండాలి. పీహెచ్‌డీ దాకా వెళ్లాలన్నా ఎక్కువమందికి దారి ఇదే. మన ఏలూరు, గూడెం, భీమవరం చుట్టుపక్కల ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. వాటిల్లో మన పిల్లలకి పాఠం చెప్పేవాళ్లు ఎక్కడినుంచి రావాలి?

నాలుగోది, అసలైనది, సంబంధాలు. సీటు పోయాక ఆ ఏడాది నాలుగు పెళ్లిచూపులయ్యాయి. మూడో సంబంధంలో అబ్బాయి తల్లి కాఫీ తాగుతూ "మా వాడు ఎమ్మెస్ అండీ. మీ అమ్మాయి బీటెక్కే కదా" అంది. "కే" అన్న ఆ ఒక్క అక్షరం నా గుండెల్లో ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎక్కువ చదివితే వరుడు దొరకడని ఆపాం. తక్కువ చదివిందని వరుడి తల్లి తీసిపారేసింది. అంటే ఈ బజారులో ఆడపిల్ల చదువు ఎప్పుడూ సరిగ్గా సరిపోదు. అలాంటప్పుడు దాని కొలతలకి తగ్గట్టు పిల్లని కత్తిరించడం ఎందుకు?

మా పిన్ని కూతురు సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. బీటెక్‌లో డిస్టింక్షన్. డిపెండెంట్ వీసా మీద అమెరికా వెళ్లింది. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యనివ్వరు. 2015లో కొంతమందికి అనుమతి ఇచ్చారు గానీ, భర్త గ్రీన్‌కార్డు కాగితం ఒక మెట్టు దాటితేనే. ఆ మెట్టు కోసం ఆరేళ్లు ఎదురుచూసింది. "అక్కా, ఇక్కడ డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దడంలో నాకు పీహెచ్‌డీ వచ్చింది" అంటుంది ఫోన్లో. నవ్వుతూనే అంటుంది. నాకు నవ్వు రాదు.

ఇక మా అమ్మాయి సంగతి. ఆ "బీటెక్కే" మాట విన్న రాత్రి నేనే మేడెక్కాను. "మళ్లీ గేట్ రాస్తావా?" అని అడిగాను. అది నా వంక వింతగా చూసింది. "రాయక్కర్లేదమ్మా. ఆ స్కోరు మూడేళ్లు పనిచేస్తుంది" అంది. మూడేళ్లు! మా ఇంట్లో ఆ ముక్క ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరమూ అడగలేదు. అది చెప్పలేదు, ఎందుకంటే చెప్పినా మనం ఏమంటామో దానికి తెలుసు.

ఈసారి కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన రోజు నేను ఎవరితోనూ మాట్లాడి చూడలేదు. నా చీటీ డబ్బులు నా ఖాతాలో ఉన్నాయి. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అరగంటలో ఫీజు కట్టించాను. రాత్రి మా ఆయన ఎరువుల కొట్టు మూసి ఇంటికొచ్చాక చెప్పాను, "అమ్మాయి సీటు ఖాయం చేశాం" అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు చెప్పి కట్టొచ్చు కదా" అన్నారు. "చెప్తే ఏమనేవారు?" అన్నాను. ఆయన నవ్వేశారు. ఆయనా చెడ్డవారేం కాదండీ. మన ఇళ్లల్లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. చెడ్డవాళ్లు లేకుండానే ఇంత పని జరుగుతోంది, అదే నా బాధ.

ఇప్పుడది మొదటి ఏడాది చదువుతోంది. మొన్న రాత్రి ఫోన్ చేసి "అమ్మా, నీకు సంధులు గుర్తున్నాయా?" అంది. తెలుగు వాక్యాన్ని కంప్యూటర్ అర్థం చేసుకోవాలంటే ముందు మాటల్ని విడదియ్యాలట. "ఇంటికెళ్తున్నానంటే" అని రాస్తే దానికి ఒకటే మాట. మనకి మూడు: ఇంటికి, వెళ్తున్నాను, అంటే. ఎక్కడ విరవాలి, ఏ అచ్చు పోయింది, ఏ హల్లు పోయింది? గంటన్నర చెప్పాను. ఉకారసంధి, ఇకారసంధి, యడాగమం, గసడదవాదేశం, అన్నీ నోటికొచ్చాయి. మాటల్లో ఛందస్సు వచ్చింది. గురువు, లఘువు రెండే గుర్తులు, మూడక్షరాల గణాలు ఎనిమిది అన్నాను. అది ఎగిరి గంతేసింది. "రెండు గుర్తులు, మూడు చోట్లు, రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు! అమ్మా, ఇది మా బైనరీ!" అంది. తెలుగు అచ్చు పుస్తకాన్ని కంప్యూటర్ చేత చదివించే పని మీద ఆ యూనివర్సిటీలో ఎన్నో ఏళ్లుగా పరిశోధన జరిగిందట. రెండో ఏడాది ప్రాజెక్టు తెలుగు మీదే చెయ్యాలనుందట.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో కూర్చుండిపోయాను. పాతికేళ్ల తర్వాత నా డిగ్రీ ఒకరికి పనికొచ్చింది. ఆ రోజు మా అమ్మ "చూద్దాంలే" అనకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. మా అమ్మాయి విషయంలో మాత్రం తెలుసుకోబోతున్నాను.

అమ్మలారా, అక్కలారా, మీకు పెద్ద పెద్ద పనులేం చెప్పను. ఇంట్లో యుద్ధాలు చెయ్యమనను. ఈ జూన్‌లో మీ ఇంట్లో కూడా ఒక పిల్ల ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. కూతురు కావచ్చు, మేనకోడలు కావచ్చు, మొన్ననే కాపురానికొచ్చిన కోడలు కూడా కావచ్చు. అప్పుడు మీ నోట్లోంచి "చూద్దాంలే" వచ్చేలోపు ఆపుకుని, ఒక్క ప్రశ్న అడగండి.

"ఆఖరు తేదీ ఎప్పుడమ్మా?"